చౌమహల్లా అందమంతా సున్నంలోనే

హైదరాబాద్‌లోని చౌమహల్లా ప్యాలెస్ చూసొచ్చినవాళ్ల ఫోన్లలో తప్పకుండా కనిపించేవి ఖిల్వత్ ముబారక్ దర్బారు హాలులోని 19 బెల్జియం షాండ్లియర్లు. వాటి తళుకులో పడి, చుట్టూ ఉన్న కమానుల మీది లతలనూ పూలనూ పెద్దగా ఎవరూ పట్టించుకోరు. నిజాం ఆసీనుడయ్యే వేదికది అసలైన పాలరాయి. కమానుల మీది నగిషీ మాత్రం సున్నపు గచ్చు, అంటే సున్నపు పూతతో తీర్చిన పని.

1750లో సలాబత్ జంగ్ మొదలుపెట్టిన కట్టడం ఐదో నిజాం అఫ్జలుద్దౌలా ఏలుబడిలో (1857–69) పూర్తయింది. నూరేళ్లు సాగిన పని కదా, ఒకే ప్రాంగణంలో ఎన్నో బాణీలు చేరాయి. ఉత్తరాన బారా ఇమాం అనే గదుల వరుసలో మొఘల్ కమానులు, పర్షియన్ నగిషీ. దక్షిణాన అఫ్జల్, మహతాబ్, తహనియత్, ఆఫ్తాబ్ మహళ్లలో యూరప్ పోకడ. ఇది అతుకుల బొంతలా కనిపించకపోవడానికి ముఖ్య కారణం, అన్నిటి మీదా పరుచుకున్న ఆ సున్నమే.

ఇలాంటి పాత భవనాలు మరమ్మతులోనే ఎక్కువ దెబ్బతింటాయి. పునాదిలోంచి గోడకు ఎక్కిన చెమ్మ సున్నపు పూతలోంచి ఆవిరైపోతుంది. దాని మీద సిమెంటు మెత్తితే చెమ్మకు దారి మూసుకుపోతుంది. లోపలి లవణాలు గట్టిపడి ఉబ్బుతాయి, పూత డొల్లబారుతుంది. తట్టి చూస్తే ఖాళీ కుండ చప్పుడు. ఆ సిమెంటును పెళ్లగిస్తే పాత ఇటుక ముఖం కూడా దాంతోపాటే ఊడొస్తుంది.

డంగు సున్నం, అంటే గానుగలో రుబ్బిన సున్నం, పని ఓపిక అడుగుతుంది. కాల్చిన సున్నాన్ని నీళ్లలో విరియబెట్టి, వారాల తరబడి మాగబెట్టాలి. సాధారణంగా ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక కలిపి గానుగలో రుబ్బుతారు. కరక్కాయ, బెల్లం నానిన నీళ్లు కలపడం మన మేస్త్రీల పాత పద్ధతి. పూత పలుచటి పొరలుగా పడాలి. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని పైనుంచి లోపలికి గట్టిపడుతుంది కాబట్టి, మందంగా వేస్తే లోపల పచ్చిగానే ఉండిపోతుంది. ఎండ తగిలి గబగబా ఆరితే పగుళ్లు. అందుకే తడి గోనెపట్టాలు కప్పుతారు.

ఒకప్పటి 45 ఎకరాల్లో ఇప్పుడు మిగిలింది మూడో వంతు కన్నా తక్కువే. ఆ మిగిలిందాన్ని బాగుచేసి 2005లో జనానికి తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పరిరక్షణ మెరిట్ పురస్కారం వచ్చింది. మిగతా కోటలకూ, గడీలకూ ఇదే నమూనా అంటే వినడానికి బాగానే ఉంటుంది. కానీ సున్నం మాగే వారాలను, పొరలు ఆరే రోజులను పని గడువులో లెక్కగట్టకపోతే, మేస్త్రీ చివరికి విప్పేది సిమెంటు బస్తానే.