కన్నీళ్లు రాకపోతే ర్యాంకు రాదు

ఈ కాలం పిల్లలకు చదువు మీద ఆసక్తి లేదని కొందరు అంటుంటారు. శుద్ధ అబద్ధం. ఆసక్తి లేకుండానే పొద్దున్నే ఐదింటికి లేచి, కళ్లు సగమే తెరుచుకుని స్టడీ అవర్‌లో కూర్చుని, రాత్రి పదిన్నర దాకా చదువుతారా? వార్డెన్ కర్ర పట్టుకుని తిరిగేది దోమల కోసం.

అయినా ఆసక్తిని అదృష్టానికి వదిలేయకూడదు కాబట్టి మన ఇంటర్ కాలేజీలు దాన్ని శాస్త్రీయంగా పుట్టిస్తాయి. దాని పేరు మోటివేషన్ క్లాస్. ఐదారొందల మందిని రేకుల షెడ్డులో కింద కూర్చోబెట్టి లైట్లు తీసేస్తారు. స్పీకర్లలో ఫ్లూటు మొదలవుతుంది. మండే ఎండల్లోనూ బ్లేజర్ విప్పని ఒకాయన మైకు అందుకుని, "కళ్లు మూసుకో నాన్నా. మీ నాన్న చెప్పులు గుర్తు తెచ్చుకో. మడమ దగ్గర ఎంత అరిగిపోయాయో ఎప్పుడైనా చూశావా?" అంటాడు. ముందు వరుసలో ఒకమ్మాయి వెక్కుతుంది. ఇక షెడ్డంతా ఏడుపే. "మీ అమ్మ మెడలో గొలుసు ఏమైందో అడిగావా?" తాకట్టులో ఉంది. ఈ కాలేజీ ఫీజు కోసమే పెట్టింది. ఆ ముక్క మాత్రం ఆయన చెప్పడు, ఆయనకిచ్చే కవరూ అందులోంచే కదా. లైట్లు వేశాక అందరూ ముక్కులు తుడుచుకుని వీకెండ్ టెస్టుకు పోతారు. నాన్న చెప్పులకూ ఫిజిక్స్ పాఠంలోని కోణీయ ద్రవ్యవేగానికీ సంబంధం ఏమిటని అడిగేవాళ్లు జీవితంలో పైకి రారు.

రెండో మార్గం ఫ్లెక్సీ. ఎంపీసీ ఫస్టియర్‌కు మొత్తం 470 మార్కులు. 467 వచ్చినవాడు బస్టాండు ఎదురుగా నవ్వుతుంటాడు. 400 వచ్చినవాడు రోజూ దాని కిందే బస్సెక్కాలి. ఇంతకన్నా చవకైన ప్రేరణ ఎక్కడ దొరుకుతుంది? అన్నట్టు ఆ 470లో 100 సంస్కృతానివి. దేవనాగరిలో తన పేరు రాసుకోవడం రాని పిల్లవాడు అందులో 98 తెచ్చుకుంటాడు. కాళిదాసు మీద అంత ప్రేమ మరి.

ఇంత పకడ్బందీ ఏర్పాటుకు ఉన్న ఏకైక ముప్పు పాఠం. అప్పుడప్పుడు అది నిజంగానే బాగుంటుంది. సెకండియర్ ఫిజిక్స్‌లో ఇంద్రధనుస్సు ఉంది. వాన వెలిశాక హాస్టల్ కిటికీ గ్రిల్‌లోంచి జంట ఇంద్రధనుస్సు చూసిన ఒక పిల్లవాడు మర్నాడు క్లాసులో లేచాడనుకోండి.

"సార్, పైన ఉన్నదాంట్లో రంగులు తిరగబడి ఉన్నాయెందుకు?"

"నాలుగు మార్కుల ప్రశ్న. బొమ్మకు రెండు, మ్యాటర్‌కు రెండు. కూర్చో."

సార్‌ను తప్పుపట్టకండి. ఒకడికి జవాబు చెబితే పక్కవాడికీ అనుమానం వస్తుంది. అది బెంచీ బెంచీకీ అంటుకుంటే డిసెంబరుకల్లా సిలబస్ అవ్వదు, ఆ టెన్షన్ ఎవరు పడాలి? అదే పరావలయం అనే వంపు గీత సంగతి చూడండి. వాలుగా విసిరిన వస్తువు ఆ దారిలోనే పోతుందని ఫస్టియర్‌లో ప్రతివాడూ నిద్రలో లేపినా నిరూపిస్తాడు. విసిరి చూడాల్సిన అవసరమే రాలేదు. అపార్ట్‌మెంట్లో నడిచే కాలేజీకి ఆటస్థలం ఉండదు, బంతి విసిరితే పక్కింటి వాటర్ ట్యాంకులో పడుతుంది.

కాబట్టి ప్రభుత్వానికి నాదొక మనవి. ఫిజిక్స్‌కూ కెమిస్ట్రీకీ ఉన్నట్టే ప్రేరణకూ 30 మార్కుల ప్రాక్టికల్స్ పెట్టాలి. కన్నీళ్లకు పది, లక్ష్యాన్ని గట్టిగా అరిచినందుకు పది, రికార్డుకు పది. రికార్డు సీనియర్లది చూసి దించుకోవచ్చు. పరీక్ష రోజే ల్యాబ్ తాళం తీసే కాలేజీల్లో కూడా ఇప్పుడు ముప్పైకి ముప్పై పడుతున్నాయి కనుక ఇందులోనూ ఎవరూ ఫెయిలవ్వరు. ఎగ్జామినర్‌కు మధ్యాహ్నం బిర్యానీ ఎలాగూ కాలేజీయే చూసుకుంటుంది.