గుర్రుమంటే చెప్పు తీస్తారా?

సంక్రాంతి దగ్గర పడుతోంది. చెన్నై, హైదరాబాద్, విశాఖల నుంచి వచ్చే బస్సులూ రైళ్లూ నిండిపోతాయి. ఏడాదంతా ముసలి అమ్మానాన్నా, వాళ్లకి తోడుగా ఒక కుక్కా ఉండే శ్రీకాకుళం జిల్లా ఇళ్లలో ఒక్కసారిగా పదిమంది దిగుతారు. అందులో నలుగురు పిల్లలు. కనుమనాడు మాంసం వండుతారు, ఎముకలు కుక్కకి వేస్తారు. అది ఒక ఎముక నోట కరుచుకుని మంచం కిందకి దూరుతుంది. మనవడు దాని వెనకే పాకుతాడు. కుక్క గుర్రుమంటుంది. "ఏటి, మనోళ్ల మీదే గుర్రుమంటావా" అంటూ ఎవరో చెప్పు తీసి నాలుగు బాదుతారు. కుక్క తోక ముడుచుకుని పెరట్లోకి పోతుంది. దానికి బుద్ధి వచ్చిందని అందరూ నమ్ముతారు.

బుద్ధి రాలేదు. ఇక మీదట చెప్పకుండా కరవాలని మాత్రం అది నేర్చుకుంది.

కుక్క కాటుకు చెప్పుదెబ్బ అని సామెత. మన ఇళ్లలో కాటు దాకా కూడా ఆగడం లేదు, గుర్రుకే చెప్పు పడుతోంది. గుర్రు అనేది కుక్క తిట్టే తిట్టు కాదు. దగ్గరికి రావద్దని అది మనకి అర్థమయ్యేలా చెప్పగలిగిన మాట అదొక్కటే. నిజానికి అంతకుముందే చాలా చెబుతుంది, మనమే చూడం. తింటున్నది తినడం ఆపి బిగుసుకుపోతుంది, లేదా ఎవరో లాక్కుంటారన్నట్టు గబగబా మింగుతుంది. గిన్నె మీదకి ఒంగి మెడతో కప్పేస్తుంది. తల కదపకుండా కళ్లు మాత్రం మన వైపు తిప్పుతుంది, తెల్లగుడ్డు కనిపిస్తుంది. పై పెదవి కాస్త లేస్తుంది. ఇవేవీ పని చేయకపోతే అప్పుడు గుర్రుమంటుంది. దానికీ వినకపోతే గాలిలో కొరుకుతుంది. కాటు ఆఖరిది. మధ్యలోని గుర్రుని కొట్టి తీసేస్తే భయం పోదు, హెచ్చరిక పోతుంది. వంటగ్యాస్‌కి సొంతంగా వాసన ఉండదు. లీకైతే తెలియాలని కావాలనే ఆ కంపు కలుపుతారు. కంపు కొడుతోందని దాన్ని తీసేయమని ఎవరూ అడగరు కదా. "ఎప్పుడూ ఏటీ అనేది కాదు, ఉన్నట్టుండి కరిచేసింది" అనే మాట వినగానే మేం అడగాలనుకునే ప్రశ్న ఒకటే: అది అంతకుముందు గుర్రుమన్నప్పుడు మీరేం చేశారు?

ఈ కొట్టుడుకి ఇప్పుడు ఒక సిద్ధాంతం కూడా తోడైంది. ఇంట్లో పెత్తనం ఎవరిదో కుక్కకి తెలియాలట. దాన్ని వెల్లకిలా పడేసి నొక్కిపెట్టాలట. ఫోన్లో వచ్చే వీడియోల్లో ఇదే పాఠం. దీని మూలం 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే శాస్త్రవేత్త రాసిన పరిశీలనలో ఉంది. ఆయన చూసింది ఒకే ఆవరణలో బంధించి పెట్టిన తోడేళ్లని. ఆ పెత్తనం మాటని ప్రచారంలోకి తెచ్చినవాళ్లలో ఒకరైన తోడేళ్ల శాస్త్రవేత్త డేవిడ్ మీచ్, అడవి తోడేళ్లని ఏళ్ల తరబడి చూశాక, 1999లో దాన్ని తనే సవరించుకున్నారు. తోడేళ్ల గుంపు అంటే చాలామట్టుకు అమ్మా నాన్నా పిల్లలేనని, అక్కడ పెత్తనం కోసం రోజూ కొట్లాటలు ఉండవని ఆయన రాశారు. చెప్పినాయనే దిద్దుకున్నా మన వీడియోలు దిద్దుకోలేదు.

పైగా తిండి దగ్గర గుర్రుమనే కుక్క పెత్తనం కోసం చూడటం లేదు. ఉన్నది పోతుందేమోనని భయపడుతోంది. తన తిండిని కాచుకోవడం ఏ జంతువుకైనా సహజం. నోటికాడి కూడు లాక్కుంటే మనిషే ఊరుకోడు. అయినా మనవాళ్లలో ఒక నమ్మకం ఉంది. పిల్లగా ఉన్నప్పుడే అది తినే గిన్నెలో చెయ్యి పెట్టి కలుపుతుంటే, మధ్యమధ్యలో గిన్నె తీసేస్తుంటే అలవాటు పడుతుందని. పెళ్లి భోజనంలో మీ విస్తట్లో ఎవరో వచ్చి చెయ్యి పెట్టి కెలికి, అరిసె తీసుకెళ్లి, మళ్లీ తెచ్చి పెడితే మీకు అలవాటవుతుందా? మూడోసారి ఆ మనిషి కనబడగానే విస్తరి మీద చెయ్యి అడ్డం పెడతారు. కుక్కకి చెయ్యి లేదు, నోరుంది. కుక్క తింటున్నప్పుడు దాని జోలికెళ్లొద్దని మన అమ్మమ్మలు చెప్పేవాళ్లు. ఈ విషయంలో వాళ్ల మాటే సరైనది.

మరి ఏం చేయాలి? మనిషి దగ్గరికొస్తే ఉన్నది పోదు, ఇంకా మంచిది వస్తుందని కుక్కకి అర్థం కావాలి. పద్ధతి చాలా సులువు, ఓపికే కావాలి. కుక్క పెరుగన్నం తింటుండగా, అది బిగుసుకోనంత దూరం నుంచి నడిచి వెళ్లండి. వెళ్తూ వెళ్తూ దానికి ప్రాణమైనదేదో, ఉడికించిన కోడిగుడ్డు ముక్కో ఎముక లేని చికెన్ ముక్కో, గిన్నె వైపు విసిరి ఆగకుండా ముందుకు పోండి. మాట్లాడొద్దు, తదేకంగా చూడొద్దు. రోజూ ఇలాగే. కొన్నాళ్లకి మీరు కనబడగానే అది తల ఎత్తి తోక వదులుగా ఊపుతుంది. అప్పుడు ఒక్క అడుగు దగ్గరికి జరగండి. బిగుసుకుంటే తొందరపడ్డారన్నమాట, రెండడుగులు వెనక్కి రండి. కొన్ని కుక్కలకి వారాలు పడుతుంది, కొన్నిటికి నెలలు. ఈ పని పెద్దవాళ్లే చేయాలి, పిల్లల చేత చేయించొద్దు. ఈలోగా దానికి ఎవరూ తిరగని మూల ఒకటి చూపించి అక్కడే తిండి పెట్టండి. ఇంట్లో రెండు కుక్కలుంటే వేరువేరు చోట్ల. ఇంత చేసినా గిన్నె దగ్గర కొద్దిపాటి బెట్టు మిగిలిపోయే కుక్కలున్నాయి. వాటికి తలుపు చాటున తిండి పెట్టి వదిలేయడం ఓటమేమీ కాదు.

చెప్పులూ సాక్సులూ ఎత్తుకుపోయే కుక్కలది ఇంకో కథ. ఇల్లంతా వెంటపడి నోట్లోంచి గుంజేకొద్దీ అది పాత చెప్పుని నిధిలా కాపాడుతుంది. వెంటపడకుండా ఒక తినుబండారం చూపించి బేరం పెట్టండి. వదిలాక ఇవ్వండి. ప్రమాదం లేని వస్తువైతే దాన్ని తిరిగి ఇచ్చేయండి కూడా. ఇచ్చినా పోదని తెలిసిన కుక్క వదలడం నేర్చుకుంటుంది.

మనిషినీ అది ఇలాగే కాపలా కాస్తుంది. అమ్మగారి ఒళ్లో కూర్చుని అయ్యగారి మీద గుర్రుమంటే అందరూ నవ్వుతారు, వీడియో తీసి గ్రూపులో పెడతారు. అమ్మగారు ఏమీ అనకుండా లేచి పక్కకి వెళ్లిపోతే చాలు, ఒడి అనే ఆస్తి మాయమవుతుంది. నవ్వితే మాత్రం రేపు అది మనవరాలి మొహం దాకా వస్తుంది.

ఇంకో సంగతి. ఏళ్లుగా నెమ్మదిగా ఉన్న కుక్క ఉన్నట్టుండి ముట్టుకోనివ్వకపోతే అది స్వభావం కాదు, నొప్పి కావచ్చు. చెవిలో చీము, పుచ్చిన పన్ను, నడుము కీళ్లు, గోమార్ల వల్ల వచ్చిన జ్వరం, ఏదైనా కావచ్చు. ముందు డాక్టరుకి చూపించండి. పక్క విజయనగరం జిల్లా గరివిడిలో పశువైద్య కళాశాలే ఉంది. మనవాళ్లలో ఎక్కువమంది పశువుల ఆసుపత్రి గుమ్మం తొక్కేది సూది వేయించడానికే.

కుక్కని పెంచేదే కాపలాకి, కాస్త కోపం ఉండాలి కదా అనేవాళ్లున్నారు. ఉద్దానం తోటల్లో, ఊరి చివర ఇళ్లలో ఈ అవసరం నిజమే, కాదనం. కానీ గేటు దగ్గర కొత్త మనిషిని చూసి మొరగడం వేరు, గిన్నె దగ్గర ఇంటి పిల్ల మీద గుర్రుమనడం వేరు. మొదటిది ఇంటికి కాపలా, రెండోది ఇంటివాళ్లంటే నమ్మకం లేకపోవడం. పౌరుషం వస్తుందని కారం కలిపి పెట్టడం, ఎముక చూపించి ఊరించడం, పగలంతా రెండు మూరల గొలుసుకి కట్టేయడం వల్ల వచ్చేది ఈ రెండోదే. అన్నట్టు, కుక్కని అసమంజసమైనంత సేపు పొట్టి గొలుసుకి కట్టి ఉంచడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నేరం. మొదటి తప్పుకి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. గొలుసు ఖరీదు అంతకన్నా ఎక్కువ. కరిచిందని ఊరి చివర వదిలేసి రావడమూ అదే చట్టం కింద నేరమే. ఇక పెంచుకున్న జంతువు వల్ల మనుషులకి ప్రమాదం లేకుండా చూడని యజమానికి భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్ ఆరు నెలల దాకా జైలు, 5,000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ వేయవచ్చంటుంది. ఈ సెక్షన్ సంగతి కుక్క కరిచాక గానీ ఎవరికీ తెలియదు.

కరిస్తే మాత్రం పెంపుడు కుక్కే కదా అని ఊరుకోవద్దు. గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లి, డాక్టరు చెప్పిన తేదీల్లో రేబిస్ టీకా డోసులన్నీ పూర్తి చేయాలి. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కి మందు లేదు. ఆ జబ్బుతో చనిపోతున్నవాళ్లలో సుమారు 40 శాతం 15 ఏళ్ల లోపు పిల్లలేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

పశుసంవర్ధక శాఖని మేం అడిగేది చిన్నదే. 1885లో పాశ్చర్ ఒక పిల్లవాడికి తొలి రేబిస్ టీకా వేయించిన జూలై 6న ఏటా ఉచిత టీకాల శిబిరాలు పెడుతున్నారు. కుక్కలతో జనం వరుసలో నిలబడతారు. ఆ వరుసలో నిలబడ్డవాళ్లకి పది నిమిషాలు కుక్క ఒంటి భాష చెప్పండి. బిగుసుకున్న కుక్క బొమ్మ ఒకటి, గుర్రుమంటే ఏం చేయాలో నాలుగు ముక్కలు, ఒక కాగితం మీద అచ్చు వేసి ఇవ్వండి. మునిసిపాలిటీలు కుక్కల లైసెన్సు రాసేటప్పుడు అదే కాగితం జత చేయవచ్చు. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. పిల్లలకి బడిలోనే చెప్పగలిగితే ఇంకా మేలు. తింటున్న కుక్కనీ, పడుకున్న కుక్కనీ, పిల్లల్ని పెట్టుకున్న కుక్కనీ ముట్టుకోకూడదన్న మూడు మాటలు రెండో తరగతి గుంటడికి కూడా అర్థమవుతాయి.

అంతదాకా ఈ కనుమకి ఇంట్లోవాళ్లే ఒక పని చేయవచ్చు. వండిన కోడి ఎముకలు ఎలాగూ వేయొద్దు. అవి ముక్కలై కుక్క గొంతులో, పేగులో గుచ్చుకుంటాయి. దాని గిన్నెలో మెత్తటి మాంసం ముక్కలు కలిపిన అన్నం పెట్టి, వెనక గదిలో వదిలి తలుపు దగ్గరగా వేయండి. పిల్లల్ని డాబా మీదకి గాలిపటాలకి పంపండి. గిన్నె ఖాళీ అయ్యి, అది నీళ్లు తాగి, తలుపు గీరినప్పుడు తీయండి.