ముసాయిదా బిల్లుగారికి, బెంగళూరు మారతహళ్లి నుంచి

కర్ణాటక తప్పుడు సమాచారం, ఫేక్ న్యూస్ నిషేధ ముసాయిదా బిల్లు-2025 గారికి,

నమస్కారం. మీరు నాకు మొదట కనబడింది వాట్సాప్‌లోనే. 2025 జూన్‌లో, మా చుట్టాల గ్రూపులో, నెత్తిన రెండు బాణాల గుర్తుతో దిగారు. ఫార్వర్డుల పని పట్టాల్సినవారు ఫార్వర్డుగానే రావడం చూసి మా ఆవిడ, "ఏవండీ, ఇది నిజమేనా?" అంది. ఎవరిని అడగాలో తెలియలేదు.

ఫేక్ న్యూస్‌కి 7 ఏళ్ల దాకా జైలు, 10 లక్షల దాకా జరిమానా అన్నారు. బాపట్లలో ఉన్న మా బాబాయికి ఫోన్‌లో చదివి వినిపించాను. జనగణమనని యునెస్కో ప్రపంచంలోకెల్లా గొప్ప జాతీయగీతంగా ఎంపిక చేసిందని ఏటా పంద్రాగస్టుకి మాకు తెలియజేసేది ఆయనే. 2016లో రెండువేల నోటులో చిప్ ఉందన్నదీ ఆయనే, దుప్పటి కప్పుకుని చీకట్లో చూశాడు కూడా. "నేను రాసింది కాదురా, వచ్చింది పంపాను" అన్నాడు. ఈ మాట అనేవాళ్లందరికీ మా పరప్పన అగ్రహారం జైలు చాలదండీ.

వ్యంగ్యానికి మినహాయింపు ఇచ్చారు, సంతోషం. కాకపోతే మామూలు వివేకం ఉన్న మనిషి దాన్ని నిజమని నమ్మకూడదట. ఆ మనిషి కోసం మా గ్రూపంతా వెతికాను. పోయిన సంక్రాంతికి నేను జోకుగా "ఇకపై ఉల్లిపాయలకు ఆధార్ తప్పనిసరి" అని పెడితే, బాబాయి ఆధార్ పట్టుకుని కిరాణా కొట్టుకి వెళ్లాడు. కొట్టువాడు జిరాక్స్ అడిగాడు.

నిజానిజాలు తేల్చడానికి మీరు పెట్టమన్న ఆరుగురి సంఘానికి మంత్రిగారే పెద్ద. మా వీధి గుంత పూడ్చేశామని ఒక ఆఫీసు ఫొటో పెట్టింది. నా స్కూటర్ రోజూ అందులోనే పడుతోంది. ఎవరిది తప్పుడు సమాచారమో నేను చెప్పను, మీ దగ్గర బెయిల్ కష్టమట.

మీ వంశంలో ఆయుష్షు కూడా తక్కువే. ఆన్‌లైన్ రాతలకి జైలు వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని 2015లో సుప్రీంకోర్టు, తన గురించిన వార్తల్లో నిజానిజాలు తానే తేల్చాలనుకున్న కేంద్రం ఫ్యాక్ట్‌చెక్ యూనిట్‌ని 2024లో బొంబాయి హైకోర్టు కొట్టేశాయి.

అలాగని మీ అవసరం లేదనను. 2012 ఆగస్టులో పుకారు మెసేజ్‌లకి బెదిరి ఈశాన్య రాష్ట్రాల పిల్లలు వేలల్లో ఇక్కడ గువాహటి రైళ్లెక్కారు. 2018లో బీదర్ జిల్లాలో హైదరాబాద్ సాఫ్ట్‌వేర్ కుర్రాణ్ని పిల్లల దొంగనుకుని కొట్టి చంపారు. కారు తప్పించుకుని పోతుంటే, ముందున్న ఊరికి వాట్సాప్‌లో కబురు వెళ్లింది. దారికి అడ్డం పెట్టారు. ఆ కబురుకంటే ముందు చేరే కబురు మీలో ఏ సెక్షన్‌లో ఉందో వెతుకుతూనే ఉన్నాను.

ఈ ఉత్తరం బాబాయికి చూపించాను. అప్పుడే గ్రూపులో పెట్టేశాడు: "మనవాడు బెంగళూరులో బిల్లు పాస్ చేయించాడు. అందరికీ పంపండి."

ఇట్లు,
మారతహళ్లి తెలుగువాడు