మసాజ్ కుర్చీ గారికి పిక్కల నమస్కారం

అయ్యా,

మొన్న అలిపిరి నుంచి 3,550 మెట్లు ఎక్కి, మొక్కు కదా అని మెట్లదారినే దిగినవాణ్ణి. నిన్న రోడ్డు దాటలేక తమరి ఒళ్ళో కూలబడ్డాను. పది నిమిషాలకు వంద రూపాయలు. స్కాన్ చేయగానే గుర్రుమని లేచారు.

ఎనిమిది నిమిషాలు వీపు మీద రోకలి దొర్లించినట్టుంది. బాగుందనే చెప్పాలి. నొప్పి పిక్కల్లో ఉంటే వీపుతో తమరికంత పనేమిటో మాత్రం తెలియలేదు. తొమ్మిదో నిమిషంలో పిక్కలు గుర్తొచ్చాయి. గాలితిత్తులు ఉబ్బి రెండు కాళ్ళనూ గట్టిగా పట్టుకున్నాయి. అమ్మయ్య అనుకున్నాను. అంతలో టైం అయిపోయింది. తమరు ఆగిపోయారు, గాలి మాత్రం దిగలేదు.

లాగితే కాళ్ళు రావు. అరిస్తే ఎదురుగా గుండు చేయించుకున్న పిల్లాడు నవ్వుతాడు. వాళ్ళమ్మ లడ్డూల సంచి సర్దుకుంటూ "అట్ల చూడగూడదు నాయనా" అంటుంది. తెర మీద ఒకటే మాట: 'కొనసాగించుటకు చెల్లించండి.' ఇంకో వంద కట్టాను. కట్టగానే కాళ్ళు వదిలి మళ్ళీ వీపు దగ్గర మొదలుపెట్టావు! ఏం కుర్చీవి నువ్వు? మోకాళ్ళ మెట్ల దగ్గర కూడా నేనింత ఏడవలేదు. తొమ్మిదో నిమిషం రాకముందే చెప్పులు చేతబట్టుకుని దూకేశాను.

పైగా ఆ బోర్డొకటి. బీపీ, షుగర్, పొట్ట అన్నీ తగ్గిస్తావట. రోజూ నిన్ను తుడిచే అన్న పొట్ట చూశావా? 'లాక్టిక్ యాసిడ్‌ను బయటికి పంపును' అట. ఆ యాసిడ్‌ను ఒళ్ళే గంటా గంటన్నరలో సర్దేసుకుంటుంది. మర్నాటి నొప్పి కండరాల పోగులు సన్నగా దెబ్బతినడం వల్ల, అదీ ఎక్కినప్పటికన్నా దిగినప్పుడే ఎక్కువ. మర్దనతో ఆ నొప్పి కొంత తగ్గుతుంది, టెన్షన్ దిగుతుంది. అంతవరకు రాస్తే నీ వంద రూపాయలు ఎక్కడికి పోతాయి? ఒక కాలే వాచి వేడిగా ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, పిసక్కుండా డాక్టరుకు చూపించుకోమని రాయడానికి మాత్రం చోటు చాల్లేదు.

రాత్రి మా అవ్వ నువ్వులనూనె వెచ్చజేసి తెచ్చి, "యాడరా నొప్పి?" అనడిగింది. రెండు వందలు పోసినా నువ్వు అడగని మాట. చెప్పిన చోటే పట్టింది.

మళ్ళీ రానని ఒట్టేమీ పెట్టను. ఆ ఎనిమిది నిమిషాలు నిజంగానే బాగున్నాయి. ఈసారి మాత్రం కాళ్ళు బయటపెట్టి కూర్చుంటాను.

ఇట్లు,
ఇంకా కుంటుతున్నవాడు