అరచేతిలో మిడ్గార్, డౌన్‌లోడ్‌లో విజయనగరం

'ఫైనల్ ఫాంటసీ 7 రీమేక్ ఇంటర్‌గ్రేడ్' 2026 జనవరి 22న నింటెండో వారి చేతి ఆటయంత్రం స్విచ్ 2కు వచ్చింది. 1997లో మూడు సీడీల్లో వెలువడిన పాత ఆటలో మిడ్గార్ నగరంలో జరిగే తొలి ఘట్టాన్ని మాత్రమే తీసుకుని, 2020లో ప్లేస్టేషన్ 4 కోసం రెండు బ్లూ-రే డిస్కులు నిండేంతగా పెంచిన ఆట ఇది. ఇంతటి ఆట చేతిలో పట్టుకునే యంత్రంలో ఆడుతుందా అన్న అనుమానం ఇక తీరిపోయింది. ఆడుతుంది, నాణ్యంగానే ఆడుతుంది. కానీ ఆ యంత్రాన్ని సంచిలో వేసుకుని తిరిగే మన రాజాం, పలాస, బొబ్బిలి కుర్రకారు వైపు నుంచి చూస్తే, ఈ పోర్టింగ్, అంటే ఒక యంత్రం కోసం చేసిన ఆటను మరో యంత్రానికి మలచడం, ఇంకా పూర్తి కాలేదనే నేనంటాను.

ముందు మెచ్చుకోవలసింది మెచ్చుకోవాలి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస దుంగను తొలిచి వీణలు చేసే కళాకారులే, సన్మాన సభల్లో జ్ఞాపికగా ఇచ్చే జానెడు వీణలు కూడా చేస్తారు. వాటికి ఆకారం ఉంటుంది, నాదం ఉండదు. చిన్న యంత్రాలకు తెచ్చిన పెద్ద ఆటలు చాలా కాలం అలాగే ఉండేవి. 2019లో పాత స్విచ్‌కు వచ్చిన 'విచర్ 3' సాహసమే అయినా, 4 జీబీ మెమరీలో ఇరికించడానికి బొమ్మను అలికేసినంత పని చేయవలసి వచ్చింది. స్విచ్ 2లో 12 జీబీ మెమరీ ఉంది. దానికి తోడు, దృశ్యాన్ని తక్కువ పిక్సెళ్లతో గీసి, మిగిలిన వివరాన్ని యంత్రాభ్యాసంతో (మెషీన్ లెర్నింగ్) పూరించే ఎన్‌విడియా డీఎల్‌ఎస్‌ఎస్ పద్ధతి ఉంది. 5,220 ఎంఏహెచ్ బ్యాటరీతో నడవవలసిన యంత్రానికి ఇది ఆడంబరం కాదు, అవసరం.

ఏది వదులుకోవాలో తెలియడమే పోర్టింగ్‌లో అసలు విద్య. ప్లేస్టేషన్ 5లో సెకనుకు 60 ఫ్రేములతో (తెరపై మారే బొమ్మలతో) ఆడుకునే వీలున్న ఈ ఆటను ఇక్కడ 30కి కట్టేశారు. ఈ నిర్ణయం సరైనదే. కత్తి దూసే వేళ తడబడే 60 కంటే నిలకడగా నడిచే 30 మేలు. పైగా ప్లేస్టేషన్ 4లోనూ ఇది 30తోనే ఆడింది. అప్పట్లో నవ్వులపాలైన, కథానాయకుడు క్లౌడ్ గది తలుపు, అదే, చెక్కపై గీతలన్నీ బురదలా కలిసిపోయిన ఆ తలుపు, తర్వాత మెరుగుపరచి తెచ్చిన ఇంటర్‌గ్రేడ్ కూర్పుతోనే బాగుపడింది కాబట్టి ఆ వారసత్వం కూడా దీనికి దక్కింది. శిథిలాల మధ్య సన్నని సందుల్లోంచి క్లౌడ్ ఒరుసుకుంటూ నెమ్మదిగా నడిచే ఘట్టాలు మాత్రం అలాగే ఉన్నాయి. పాత హార్డ్ డిస్క్ తర్వాతి ప్రాంతాన్ని లోడ్ చేసుకునేదాకా ఆటగాణ్ణి ఆపడానికే అలాంటి ఎత్తుగడలు వేసేవారు. నిల్వ వేగం పెరిగాక వాటి అవసరం తీరినా, కథ నడకలో కలిసిపోయినవాటిని పెకలించడం పోర్టింగ్ బృందం చేయగలిగిన పని కాదు.

తెర సంగతి వేరు. మిడ్గార్ కథలో అధిక భాగం ఇనుప పలకల కింది మురికివాడల్లో, మసక వెలుతురులో సాగుతుంది. శ్రీకాకుళం రోడ్డు స్టేషన్‌లో పాసింజర్ ఎక్కి కిటికీ పక్కన కూర్చుని మధ్యాహ్నపు ఎండలో ఆడితే, 7.9 అంగుళాల ఎల్‌సీడీ తెర మీద క్లౌడ్ ఎక్కడున్నాడో వెతుక్కోవాలి, మన ముఖం మాత్రం స్పష్టంగా కనిపిస్తుంది. సంభాషణలను చెవితో కన్నా కంటితో, ఇంగ్లిష్ సబ్‌టైటిళ్లు చదువుకుంటూ అర్థం చేసుకునే మనవాళ్లకు అక్షరం పరిమాణం ఫ్రేముల లెక్క కన్నా ముఖ్యమైన విషయం.

అసలు చిక్కు పెట్టెలో ఉంది. దుకాణంలో కొన్న కార్డులో ఆట ఉండదు, ఆటను దించుకునే హక్కు ఉంటుంది. 'గేమ్-కీ కార్డ్' అంటే ఇదే. సుమారు 90 జీబీ దించుకుంటే గానీ ఆట మొదలవదు. రోజుకు 2 జీబీ ఇచ్చే మొబైల్ రీచార్జితో నెట్టుకొచ్చే ఇంట్లో అది నెలన్నర బత్తెం. విజయనగరం పట్టణంలో ఫైబర్ ఉన్నవారికి ఒక రాత్రి పని కావచ్చు, ఊళ్లలో అందరికీ ఆ భాగ్యం లేదు. ఒకసారి దించుకున్నాక నెట్ లేకపోయినా ఆడుకోవచ్చు, కార్డును మరొకరికి అమ్ముకోవచ్చు అన్నది నిజమే. కానీ కొన్నవారికి మళ్లీ అదే 90 జీబీ. 256 జీబీ నిల్వలో మూడో వంతుకు పైగా ఈ ఒక్క ఆటకే పోతుంది గనుక, వేరే ఆట కోసం దీన్ని తీసేసినవారికీ మళ్లీ అదే.

కార్డు నుంచి చదివే వేగం లోపలి నిల్వకు సాటిరాదన్న సాంకేతిక కారణం ఉంది, దాన్ని కొట్టిపారేయను. అయినా 'సైబర్‌పంక్ 2077' వంటి బరువైన ఆటను 2025 జూన్‌లో 64 జీబీ కార్డులోనే ఇచ్చారు. రీమేక్‌లో ఇంగ్లిష్, జపనీస్, ఫ్రెంచ్, జర్మన్ గొంతులు నాలుగూ ఉన్నాయి. ఒక ఆటగాడు వినేది ఒకటే. మిగిలిన మూడింటినీ కోరినవారు మాత్రమే దించుకునేలా విడదీసి, తొలి అధ్యాయాలనైనా కార్డులో పెట్టి, తక్కినది ఆడుతుండగా వెనక దిగేలా చేయడం అసాధ్యమని నేననుకోను. కార్డు ఖరీదు లాభాన్ని కొరుకుతుందన్నదే అసలు అడ్డంకి అయితే ఆ మాట నేరుగా చెప్పవచ్చు.

ఈ రీమేక్ కథ మూడు భాగాలూ స్విచ్ 2కు తెస్తామని ఆట దర్శకుడు నవోకి హమగుచి చెప్పారు. రెండో భాగం 'రీబర్త్' సందులు విడిచి విశాలమైన మైదానాల్లోకి వెళుతుంది, దాని బరువు ఇంకా ఎక్కువ. ఫ్రేముల సంగతి ఆ బృందం చూసుకోగలదన్న నమ్మకం ఈ పోర్ట్ కలిగించింది. డౌన్‌లోడ్ సంగతిలో మాత్రం అలాంటి నమ్మకం పెట్టుకోవడానికి ఇంతవరకు ఆధారమేదీ కనిపించలేదు.