ఉండనీకి ఒక ఊరు, చెప్పుకోనీకి ఇంకో ఊరు

పోయిన ఆదివారం జడ్చర్ల దగ్గర ఒక ఫంక్షన్ హాల్ల పెండ్లికి పోయి బగార అన్నం ముందటేసుకొని కూసున్న, పక్క కుర్సీల ఒక పిల్లగాడు ఉన్నడు, ఇంజినీరింగ్ మూడో సంవత్సరం అంట, చెవులకెల్లి ఇయర్‌ఫోన్ తియ్యకుండనే తింటుండు. వాడు ఉన్నట్టుండి "అంకుల్, వీసా, పైసలు, నౌకరి ఏ రంధి లేకుండ ప్రపంచంల యాడన్న ఉండొచ్చు అంటే నువ్వు యాడ ఉంటవ్" అని అడిగిండు. నేను ఆలోచించకుండ "ఏసీ నడిచే కాడ" అన్న, ఎందుకంటే ఆ హాల్ల ఏసీలైతే ఉన్నయ్ గాని ఆన్ చేస్తే కిరాయి వేరే అంట. కని ఇంటికొచ్చినంక ఆ ప్రశ్న తలకాయల గిర్రున తిరుగుతనే ఉంది. ఇసొంటి పెద్ద విషయం మీద మన దిక్కు ఎవ్వరూ శాస్త్రీయంగ పనిచెయ్యలేదని తెల్సి, బాధ్యతగల పౌరునిగ నేనే భుజానేసుకున్న.

ముందుగల బయటి ప్రపంచం ఏమంటుందో చూసిన. లండన్ల ఎకనామిస్ట్ ఇంటెలిజెన్స్ యూనిట్ అని ఒకటుంది, వాళ్లు ఏటా 173 సిటీలకు మార్కులేస్తరు, యాడ బతుకు మంచిగుంటదో అని, దాన్నే లివబిలిటీ ఇండెక్స్ అంటరు. 2022 నుంచి వరుసగ మూడేండ్లు వియన్నా ఫస్ట్ వచ్చింది, 2025ల కోపెన్‌హాగన్ దాన్ని కిందికి గుంజింది. ఐదు సబ్జెక్టులు - శాంతిభద్రతలు, వైద్యం, సంస్కృతి-పర్యావరణం, చదువు, రోడ్లు కరెంటు నీళ్ల అసొంటి వసతులు. మన పిల్లలకు పదో తరగతిల ఆరు సబ్జెక్టులు పెట్టి సిటీలకు ఐదే పెట్టుడు ఏం న్యాయమో నాకైతే సమజ్ కాలే. అందుల "రాత్రి ఆఖరి బస్సు ఎన్ని గంటలకు" అనే కాలమ్ లేదు, "చావుకు ఎంతమంది వస్తరు" అనే కాలమ్ అసలే లేదు.

సంతోషం మీద ఇంకో రిపోర్ట్ ఉంది, అందులనైతే 2018 నుంచి ప్రతిసారి ఫిన్‌లాండే ఫస్టు. ఆ దేశంల ఉత్తర దిక్కు చలికాలం వారాల తరబడి సూర్యుడే పొడవడు. మా అత్తగారిది నల్గొండ, అక్కడ ఎండకాలం 45 డిగ్రీలు దాటిన దినాలున్నయ్, లతీఫ్ సాబ్ గుట్ట దిక్కు చూస్తే గుట్టకే చెమటలు పడ్తున్నట్టు ఉంటది. అంటే సూర్యుడు సెలవులన్నీ అక్కడ వాడుకొని ఓవర్‌టైం మొత్తం మా కాడ చేస్తుండు, ఇగ వాళ్లు సంతోషంగ ఉండక ఏంజేస్తరు చెప్పుండ్రి.

సరే, వాళ్ల సర్వే వాళ్లది, మన సర్వే మనం చెయ్యాలె కదా. మహబూబ్‌నగర్ బస్టాండ్ కాడ చాయ్ హోటల్ల మొదలువెట్టిన. శాంపిల్ సైజు పదకొండు, అందుల ఇద్దరు ఒక్కటే మనిషి, ఉత్త చాయ్ కోసం రెండోసారి వచ్చి వేరే జవాబు చెప్పిండు. వచ్చిన రిజల్ట్ ఏందంటే, ఒక్కరు తప్ప ఎవ్వరు కూడ తమకు నిజంగ ఉండబుద్ధయ్యే జాగ చెప్పలే. అందరు పెండ్లిల అడిగితే చెప్పుకోనీకి బాగుండే జాగ చెప్పిన్రు.

ఎక్కువ ఓట్లు డల్లాస్‌కు పడ్డయ్. "డల్లాస్ల ఏముందన్నా" అంటే "ఏముందో తెల్వదు, మా బావమర్ది ఉన్నడు" అన్నడు ఒకాయన. ఈయన ఇక్కడ నాలుగేండ్ల సంది మాట్లాడని బావమర్ది అతనే. ఆ బావమర్ది ఎందుకు పోయిండంటే అక్కడ అందరు మనోళ్లే ఉంటరంట. మనోళ్లందరు అక్కడనే ఉంటే ఇక్కడ ఉన్నోళ్లు ఎవరోళ్లో కూడ ఒకసారి తేల్చాలె. ఇదివరకైతే అమెరికా వీసా కోసం చిలుకూరు బాలాజీ కాడ పదకొండు ప్రదక్షిణలు చేసి మొక్కుడు, పని అయినంక నూటెనిమిది తిరుగుడు, లెక్క సాఫ్‌గ ఉండేది. 2025 సెప్టెంబర్ల ట్రంప్ కొత్త హెచ్-వన్-బీ నౌకరి వీసా దరఖాస్తులకు లక్ష డాలర్లు కట్టాలని సంతకం వెట్టిండు. ఇప్పుడు ఎన్ని తిరగాలన్నది పూజారులు, ఆడిటర్లు ఇద్దరు కూసొని తేల్చాల్సిన ముచ్చట.

ఇంకో ముగ్గురు హైదరాబాద్ అన్నరు. నల్గొండోళ్లకు హైదరాబాద్ అంటే ఎల్బీనగర్, వనస్థలిపురం. మా మహబూబ్‌నగరోళ్లకు ఆరాంఘర్, శంషాబాద్. అంటే ఊరి బస్సు యాడ దిగబెడ్తే అక్కడనే సంచి కింద పెట్టి ఇదే సిటీ అన్నరు, ఇంక వంద అడుగులు లోపలికి పోలే. సంక్రాంతికి పంతంగి టోల్ గేటు కాడ, రాయికల్ టోల్ గేటు కాడ కార్ల లైన్లు చూసిన్రా, ఆ లైన్ల ఉన్నోళ్లందరు తమకు ఇష్టమైన జాగల ఉంటున్నోళ్లే, మరి అంత ఇష్టమైన జాగ నుంచి అంత తొందరగ యాడికి ఉరుకుతున్నరో నా సర్వేల అడిగే కాలమ్ పెట్టలే, తప్పు నాదే.

అసలు ఈ ప్రశ్న మా పాలమూరోళ్లను, అంటే మహబూబ్‌నగర్ దిక్కోళ్లను, అడుగుడే ఒక జోకు. దేశంల యాడ ప్రాజెక్టు కట్టినా పాలమూరు లేబర్ ఉంటరని పేరు. మా తాత కూడ పోయిండు. ఆయనను "నీకు యాడ ఉండబుద్ధి అయితది" అని ఎవ్వరు అడగలే, మేస్త్రీ వచ్చి అడ్వాన్స్ చేతుల వెట్టేటోడు, లారీ యాడ ఆపితే అదే కోపెన్‌హాగన్. ఇప్పటి భాషల మేస్త్రీని రీలొకేషన్ కన్సల్టెంట్ అనాలె, కాకపోతే ఈ కన్సల్టెంట్‌కు ఫీజు మనం ఇయ్యం, ఆయననే మనకు ముందుగల ఇచ్చి తర్వాత మన ఒంట్లకెల్లి వసూలు చేసుకుంటడు. తర్వాత బొంబాయి బస్సు వచ్చింది. నారాయణపేట, కోస్గి దిక్కు ఇప్పటికి కూడ అది ఒక బస్సు కాదు, చుట్టరికం. ఇంట్ల ముసలోళ్లు, మేకలు, గోడ మీద పోయినోళ్ల ఫొటోలు, బతికున్నోళ్లందరు బొంబాయిల. మా నల్గొండ అత్తగారోళ్ల వాడకట్టుల సాలోళ్లకు ఇట్లనే భీవండి, షోలాపూర్, సూరత్. సర్వే భాషల వీళ్లందరిని "మొబైల్ పాపులేషన్" అంటరు, వినుటానికి మంచిగుంది, ఫోన్ కంపెనోళ్లు పేరు పెట్టినట్టు.

మనుషులనే కాదు, మా దిక్కు దేవుళ్లను కూడ అడగలే. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లు వెనుకకు తన్నినప్పుడు కూడవెల్లి సంగమేశ్వరున్ని ఆలంపూర్‌కు తెచ్చిన్రు, సోమశిల గుళ్లు కొల్లాపూర్ దిక్కు కదిలినయ్. అటు నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబర్ల నెహ్రూ శంకుస్థాపన చేసి ఇవి ఆధునిక దేవాలయాలు అన్నడు, 1967 ఆగస్టుల ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లిడిచింది, నడుమ ఇక్ష్వాకుల కాలం నాటి బౌద్ధ కట్టడాలను పీకి కొండ మీద పెట్టిన్రు, ఇప్పుడు ఆ కొండ దీవి అయింది, బుద్ధుని కాడికి పోవాలంటే లాంచీ టికెట్ కొనాలె. గుడి విప్పేటప్పుడు రాయి రాయికి నంబర్ వేసి, మల్ల అదే నంబర్ ప్రకారం పేర్చిన్రు. మునిగిన ఊర్ల మనుషులకు మాత్రం నంబర్ వెయ్యలే, వాళ్ల పరిహారం ఫైలుకే వేసిన్రు.

కదలకుండ మకాం మారినోళ్లు కూడ ఉన్నరు, వీళ్ల మీద ప్రపంచంల ఎవ్వరూ రిపోర్ట్ రాయలే. షాద్‌నగర్ల నా దోస్త్ ఒకడు 2016ల దసరా ముందు రాత్రి మహబూబ్‌నగర్ జిల్లాల పండుకొని పొద్దుగాల రంగారెడ్డి జిల్లాల లేసిండు. అక్టోబర్ 11 నాడు పది జిల్లాలు ముప్పై ఒకటి అయినయ్ కదా, మంచం కదలలే, దుప్పటి కదలలే, గజం రేటు మాత్రం కదిలింది. అప్పటిదాక మాతోని కలిసి "మనం వెనుకబడ్డ జిల్లా" అని బాధపడేటోడు, తెల్లారి నుంచి మమ్మల్ని చూసి బాధపడుడు మొదలువెట్టిండు. నారాయణపేటోళ్లు 2019 దాక ఆగి వేరేవడ్డరు. మా ఇంటి షెడ్డుల మూడు బండ్లున్నయ్, నాయన ఏపీ 22 స్కూటర్, నా టీఎస్ 06 బైక్, బిడ్డ టీజీ 06 స్కూటీ. ఆ షెడ్డు చూస్తే మూడు రాష్ట్రాల చుట్టాలు వచ్చినట్టు ఉంటది.

గజం రేటు అన్న కాబట్టి వెంచర్ల ముచ్చట చెప్పకుంటె పాపం. ఫ్యూచర్ సిటీ, ట్రిపులార్ అనే కొత్త రీజినల్ రింగ్ రోడ్డు అన్నప్పటి సంది, చౌటుప్పల్ కాడ, కల్వకుర్తి రోడ్డుల, జడ్చర్ల దాక ఎక్కడ చూసినా పెద్ద కమాన్లు, లోపల ఒక ఫౌంటెన్, నీళ్లుండయి. బ్రోచర్ మీద "ఎయిర్‌పోర్ట్ నుంచి 20 నిమిషాలు" అని ఉంటది, అర్ధరాత్రి అంబులెన్స్ల పోతే కావచ్చు. మా సర్వేల పదకొండు మందిల నలుగురికి అసొంటి ప్లాట్లున్నయ్, "ఎప్పుడు ఇల్లు కడ్తరు" అంటే నలుగురు ఒకటే తీరుగ నవ్విన్రు. ప్లాటు ఉండనీకి కాదట, రేటు పెరగనీకంట. ఇప్పుడు అక్కడ నిజంగ కాపురం ఉంటున్నది మేకలు, హద్దురాళ్లకు వీపులు గోక్కుంటయి, వాటిని అడిగితే లివబిలిటీ ఇండెక్స్ కరెక్ట్‌గ తెలుస్తుండె.

మన రాష్ట్రంల అందరు చెప్పిన అడ్రస్ కాడ నిజంగ ఉన్న దినం నాకు తెల్సి ఒక్కటే, 2014 ఆగస్టు 19, సమగ్ర కుటుంబ సర్వే. ఇంటికాడ లేకుంటే రేషన్ పోతదని, పింఛన్ పోతదని ఒకటే పుకార్లు, బస్సుల మీద బస్సులు, హైదరాబాద్ రోడ్లు ఖాళీ, బొంబాయోళ్లు దిగిన్రు, భీవండోళ్లు దిగిన్రు, మా ఊర్ల ఆ ఒక్క దినం మనుషులకు మంచాలు సరిపోలే. తెల్లారి మల్ల ముసలోళ్లు, మేకలు. ఇప్పుడైతే సర్పంచ్ ఎలక్షన్లు వస్తే అభ్యర్థి బండి కిరాయి పెట్టి పిలుస్తడు, ఓటు ఊర్ల, రేషన్ కార్డు ఊర్ల, మనిషి యాడనో.

ఇగ ఉండే జాగ గురించి చెప్పిన ఆ ఒక్కరు ఎవరంటే, మర్రిగూడ దిక్కు నుంచి బిడ్డ దగ్గరికి వచ్చిన ఒక అవ్వ, మోకాళ్లు సగమే మల్సుకొని బెంచీ మీద కూసుంది. "అవ్వా, నీకైతే యాడ ఉండబుద్ధి అయితది" అంటే, "నీళ్లు మంచిగున్న కాడ బిడ్డా" అన్నది. నల్గొండ పేరు మీద ప్రపంచానికి తెల్సిన ఒక పద్ధతి ఉంది, నల్గొండ టెక్నిక్ అంటరు, నీళ్లల్ల పటిక, సున్నం కలిపి, కీళ్లను బిగబెట్టే ఫ్లోరైడ్‌ను దించే ఉపాయం, నాగ్‌పూర్ నీరీ సైంటిస్టులు కనిపెట్టిన్రు. వియన్నాకు సంగీతం పేరు, మాకు పటిక పేరు. 2015ల చౌటుప్పల్ కాడ మిషన్ భగీరథ పైలాన్ లేసింది, కృష్ణ నీళ్లు నల్లాలకు వచ్చినయ్, మంచిదే, పిల్లల కాళ్లు సక్కగుంటయి. అవ్వ మోకాళ్లు మాత్రం పాత నీళ్లనే గుర్తుపెట్టుకున్నయ్. ఆమె జవాబును ఏ కాలమ్ల రాయాలో తెల్వక వసతులు అని రాసి, కొట్టేసి, వైద్యం అని రాసి, అది కూడ కొట్టేసిన.

ఆఖరుకు సర్వే పూర్తి చెయ్యనీకి మా చిన్నాయన కాడికి పోయిన. కొడుకు డల్లాస్ల, కోడలు డల్లాస్ల, చిన్నాయన ఊర్ల, ఇంటికి నాలుగు సీసీ కెమెరాలు. అక్కడ రాత్రి అయినా మావోడు ఫోన్ల చూస్తనే ఉంటడు, గేటు తీసిన్రా, కోళ్లు లోపలికి వచ్చినయా, నాయన గోళీలు మింగిండా. వాడు పడుకునుడు డల్లాస్లనే గాని కాపురం మా ఊర్లనే. "చిన్నాయనా, ప్రపంచంల యాడన్న ఉండొచ్చు అంటే యాడుంటవ్" అని అడిగిన. ఆయన జవాబు చెప్పలే, ప్లాస్టిక్ కుర్చీ అందుకొని మెల్లగ గుంజుకుంట వాకిలి దాటి, గోడ సందు దాటి, యాప చెట్టు వెనుకకు తీస్కపోయి వేసిండు. కూసొని జేబులకెల్లి బీడీ తీసి ముట్టిచ్చిండు. రెండు దమ్ములు కూడ గుంజలే, ఫోన్ మోగింది.

"నాయినా, కనబడ్తలేవేంది, యాడున్నవే?"

చిన్నాయన పొగ పక్కకు ఊది, "బాత్రూంల ఉన్నరా, వస్తున్న" అని పెట్టేసి, కుర్చీల ఇంకొంచెం వెనుకకు వాలిండు.