ఎనిమిదిన్నరకే అర్ధరాత్రి

ఆగస్టు 31, రాత్రి ఎనిమిదిన్నర. పాలకొల్లులో మా అక్క ఇంట్లో పులస పులుసు ముందు కూర్చున్నాం. ఏడాదికి ఒక్కసారి తెచ్చే చేప, ధర తలుచుకుంటే ముద్ద దిగదు. మా మేనకోడలు మాత్రం గదిలో ఒక్కతే కేకు కోస్తోంది. ఎవరికంటే, కొరియా పాటల బృందం బీటీఎస్‌లోని జంగ్‌కుక్‌కి! సెప్టెంబరు 1 పుట్టినరోజట.

"రేపు కదే?"

"సియోల్‌లో పన్నెండు కొట్టేసింది మావయ్యా. వాళ్లు మనకంటే మూడున్నర గంటలు ముందు."

లెక్కల్లో ఎప్పుడూ అత్తెసరు మార్కులే, ఈ లెక్క మాత్రం నోటికొచ్చు. మొన్న సొంత తాతయ్య పుట్టినరోజు గుర్తులేదు. ఆయన నవ్వేసి ఊరుకున్నారు, పాపం.

1956లోనే హార్టన్, వోల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి ఒకవైపు అనుబంధాన్ని పారాసోషల్ అన్నారు. తెర మీద మనిషి మనతోనే మాట్లాడుతున్నట్టుంటే మనసు అతన్ని సొంతవాళ్లలో జమకట్టేస్తుంది. అతనికేమో మనం ఉన్నామనే తెలీదు. అప్పట్లో టీవీ కట్టేస్తే సరిపోయేది. ఇప్పుడు ఫోన్‌లో లైవ్ పెట్టి "తిన్నారా?" అంటాడు. మా పిల్ల "తిన్నా" అని టైపు చేస్తుంది, తినకుండానే!

ఒకే ఆల్బమ్ మూడుసార్లు కొంది, లోపల అరచేతంత ఫోటోకార్డు ఎవరిదొస్తుందో తెలీదని. దాన్ని తడిచేత్తో ముట్టుకున్నానని నాతో రెండ్రోజులు మాటల్లేవు. నేనూ ఆ వయసులో హీరో కటౌట్‌కి పాలు పోయడానికి కొబ్బరిచెట్టంత ఎత్తు ఎక్కినవాణ్ణే, కాదనను. కానీ ఏ రోజూ పులస చల్లారబెట్టలేదండీ!